ముర్రుపాల చరిత్ర



రాజుల చరిత్రలును యుద్ధముల చరిత్రలును మీరు చాల వినియున్నారు. నేడు నేను చెప్పబూనినది అంతకంటె చిన్నదిగా తోచు విషయము. బిడ్డ తల్లికడుపునుండి భూమిమీద పడిన తరువాత దాని నోట తల్లిపాలు మొట్టమొదట పడునది ఎప్పుడు? ఆ గడియలోనా, ఆ పూటనా, మూడవనాడా? ఇది పురిటింటి ఆడువారి ముచ్చట గదా, దీనికి చరిత్ర యేమి, దీనిని పెద్దమనుష్యుల యెదుట చెప్పుట యేమి అని కొందరనవచ్చును. నాకు తెలిసినంతలో ఈ విషయమును బాలింత తానుగా నిర్ణయించుకొన్న ఇల్లు అరుదు. ఆమె పక్కన నిలిచినవారే నిర్ణయించిరి. వారికి వారి అవ్వలు చెప్పిరి. ఆ అవ్వలకు మరి వారి అవ్వలు చెప్పిరి. ఆ త్రాటిని పట్టుకొని వెనుకకు పోయినచో రెండువేల యేండ్ల దూరము పోవలసి వచ్చును. అందుచేత ఇది చరిత్రయే.

నేను శ్రీరాంపూరు వాడను. ఆ పేరుగల ఊళ్ళు మావైపు రెండున్నవి. గోదావరికి దక్షిణమున సేద్యపుటూరు కాల్వ శ్రీరాంపూరు ఒకటి. ఉత్తరపు గట్టున మంచిర్యాల దాపున సింగరేణి బొగ్గుబాయిల శ్రీరాంపూరు ఒకటి. పూర్వము మొదటిది కరీంనగరు జిల్లాలోనిది, రెండవది ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు ఒకటి పెద్దపల్లికిని ఒకటి మంచిర్యాలకును చేరినవి. నేను పుట్టినది మొదటిదానిలో. బ్రతుకుదెరువునకై చాలకాలము మసలినది రెండవదానిలో. ఒకచోట నాగలి, ఒకచోట తట్టా చెమ్మసు. భాషలోను కట్టులోను కొంత భేదమున్నది. పురిటిగది గడప దాటినచో మాత్రము రెండూళ్ళును ఒక్కటే.

నేను పిల్లవాడనై యున్ననాడు, అనగా 1950 దాటిన తొలియేండ్లలో, పురుడు జరుగు తీరు ఇట్లుండెను. మగపిల్లలను పురిటింటికి రానీయరు గాని గోడకావలి మాటలు వినబడకుండ చేయలేరు గదా. తక్కినవి మా నాయనమ్మ నోట పలుమారులు వింటిని. తొలికాన్పు పుట్టింట జరుగుట మన వాడుక. నొప్పులు మొదలైనతోడనే మంత్రసానికి కబురు పోవును. బిడ్డ పడిన పిమ్మట మావి పడువరకు బిడ్డను పాతగుడ్డమీదనో చేటలోనో పరుండబెట్టి యుంచుదురు. తరువాత బొడ్డుకోసి, నీళ్ళు పోసి, గుడ్డలో చుట్టి అమ్మమ్మ చేతికిత్తురు. అప్పటికి బిడ్డ కన్నులు తెరచి, తల అటునిటు త్రిప్పుచు, నోటితో దేనినో వెదకుచునే యుండును. తల్లి చేయి చాచినచో ముసలమ్మ, "ఇంకా పాలు పడలే బిడ్డా, మూడొద్దులు కానియ్యి" అనును. ఆ మూడు దినములలో రొమ్మునుండి వచ్చెడి చిక్కని పచ్చని ద్రవమును పిండి బూడిదలో పోయుదురు. బిడ్డకు చక్కెరనీళ్ళలో ముంచిన గుడ్డవత్తి, తేనె, ఒక చుక్క ఆముదము, నీళ్ళు కలిపిన మేకపాలు. ఇంటిలోనో ఇరుగుపొరుగుననో పాలిచ్చు తల్లి మరియొకతె యున్నచో ఆమె రొమ్ము పట్టింతురు. అట్టి బిడ్డ అదృష్టవంతుడు.

అన్ని ఇండ్లలోను ఒక్కతీరే అని చెప్పను. కలిగిన ఇండ్లలోనే ఈ కట్టుబాటు గట్టిగా నడచెను. చక్కెర కొనలేక, కనిపెట్టుకొని కూర్చుండు ముసలమ్మ లేక, అందరును కూలికి పోవలసిన ఇండ్లలో బిడ్డ మొదటి రాత్రియే తల్లిపక్క చేరి తన దారి తాను చూచుకొనెడిది. పేదరికము బిడ్డకు మేలుచేసిన చోటు ఇదియొక్కటియే నేనెరుగుదును.

ఎందుకీయరని అడిగినచో ముసలివారు చెప్పిన కారణములు నాకు జ్ఞాపకమున్నవి. ఆ పాలు చీమువలె పచ్చగా నుండును. తొమ్మిది నెలలు రొమ్ములో నిలువయున్నవి గనుక మురిగినవి. బిడ్డకు అరుగవు, కడుపునొప్పి చేయును. అసలు పాలు మూడవనాటికి గాని పడవు. తల్లి మైలలో నున్నది, నీరసముగా నున్నది, ఆమెను కదల్పరాదు. వీనిలో ఏ ఒక్కటియు బిడ్డమీద ప్రేమలేక చెప్పినది కాదు. మా వాడకట్టున ఒక యింట తొలిచూలు మగబిడ్డ పుట్టెను. మూడు దినములు చక్కెరనీళ్ళతో పెంచిరి. మూడవనాడు విరేచనములు పట్టుకొనెను. నాలుగవనాడు తల్లి రొమ్ములు రాళ్ళవలె గట్టిపడి పాలు కారుచుండగా బిడ్డకు పీల్చు సత్తువ లేకపోయెను. ఆరవనాడు తీసికొనిపోయి పూడ్చిరి. బాలగ్రహమనిరి, పక్షిదోషమనిరి. ఆ యింటి ముసలమ్మ మూడు దినములును కంటికి కునుకు లేకుండ ఆ వత్తిని తానే తడిపి బిడ్డ నోటికందించినది. ఆమె కంటె ఎక్కువ ప్రేమించినవారు ఆ ఊర లేరు. పసిబిడ్డలు పోవుటకు ఆనాడు మరి పెక్కు కారణములుండెను; బొడ్డుకోసిన కొడవలి ఒక్కటియే ధనుర్వాతముతో ఎందరిని తినెనో లెక్కలేదు. పాలొక్కటే కారణమని నేననను. ఆ బిడ్డ కడుపులోనికి మొదట పోయినది కుంటనీళ్ళు తడిపిన గుడ్డ అనుమాట మాత్రము నిజము.

మన భాషనే కొంచెము తరచి చూతము. భాషలో పూర్వుల బుద్ధి దాగియుండును. చిన్ననాటినుండి వచ్చిన విద్యను 'ఉగ్గుపాలతో నేర్చినది' అందుము. ఉగ్గనగా ఏమి? చనుబాలలో ఆముదము మున్నగునవి కలిపి కాచి బిడ్డకు పోసెడి మందు. అది పోయుటకు ఉగ్గుగిన్నె యని ముక్కుగల చిన్నగిన్నె యొకటి ప్రతి ఇంట నుండెడిది. అట్లే మాటలు త్వరగా రావలెనని వస అరగదీసి నాకించుట. వాగుడుకాయను వసపిట్ట యనుట అందుండియే పుట్టినది. ఉగ్గునకు సామెత దక్కినది, వసకు సామెత దక్కినది. ముర్రుపాలకు మాత్రము పొగడ్త దక్కలేదు. అదే ముర్రు గేదెదో ఆవుదో అయినచో జున్నై కూర్చున్నది! జున్ను వండిననాడు ఇరుగుపొరుగులకు పంచిపెట్టనిచో మాటపడవలసి వచ్చును. ఈనిన పశువు పాలు అమృతమట, కనిన తల్లి పాలు చీమట. ఈ విచిత్రమును మన ముసలివారు గుర్తింపకపోవుట నాకిప్పటికిని ఆశ్చర్యమే.

సంస్కృతమునను ఈ చిక్కే యున్నది. మీలో కొందరైనను బాల్యమున అమరము వల్లెవేసియుందురు. అమరసింహుడు దేవతల అమృతమునకు పెట్టిన పేర్లలో పీయూషము ఒకటి. ఆ పదమునే మరల వైశ్యవర్గమున క్రొత్తగా ఈనిన ఆవు పాలకును చెప్పెను. తొలిపాలకును అమృతమునకును ఒకే పేరు. మనువు మాత్రము ఐదవ అధ్యాయమున ద్విజులు తినరాని వానిలో ఆ ముర్రునే చేర్చి, ఈనిన పది దినములలోపల ఆవుపాలు త్రాగరాదని విధించెను. పురిటిమైల పదిదినములు గదా. ఆ లెక్కయే పశువునకును అంటినది. తల్లి ముర్రుమీది ఏవగింపు సగము ఈ మైలభావమునుండి వచ్చినదని నా అభిప్రాయము. రుజువు చూపుమనినచో మైల విడిచిన పిమ్మటనే తల్లిని శుచిగా నెంచు మన వాడుకను తప్ప మరియేమియు చూపజాలను.

మిగిలిన సగమునకు రుజువు వైద్యగ్రంథములలోనే యున్నది. మూడొద్దుల మాట అవ్వల కల్పన కాదు. సుశ్రుతసంహిత శారీరస్థానమున పదవ అధ్యాయమున అది స్పష్టముగా నున్నది. ప్రసవించిన స్త్రీకి హృదయమునందలి నాళములు తెరచుకొనుటకు కాలము పట్టును గనుక మూడు నాలుగు రాత్రులకు గాని పాలు ప్రవర్తింపవని సుశ్రుతుని మతము. కావున మొదటినాడు ముమ్మారు తేనెయు నేయియు, రెండవ మూడవ దినములలో ఓషధితో కాచిన నేయియు ఈయవలెననియు, అంతవరకు తల్లిపాలు మాన్పించి ఆ తరువాత పట్టింపవలెననియు విధి. అష్టాంగహృదయమున వాగ్భటుడును ఉత్తరస్థానపు మొదటి అధ్యాయమున ఇదే త్రోవ నడచెను. దక్షిణదేశమున వైద్యులకు వాగ్భటమే కంఠపాఠము గనుక ఆ మాట ఊరూర పాకినది. రొమ్మునుండి కొంచెము పిండి పారబోసి పిదప పట్టింపవలెననుట కూడ సుశ్రుతమున నున్నది. ఆయన కొంచెము అనెను. మన పురిటిండ్లలో అది మూడు దినములైనది.

ఇక చరకసంహిత తీసి చూడుడు. అదియు శారీరస్థానమే, ఎనిమిదవ అధ్యాయము. మంత్రించిన తేనెయు నేయియు మొదట నాకించి, ఆ పిమ్మట అదే విధిగా కుడిరొమ్ము ముందుగా త్రాగనీయవలెనని యున్నది. మూడు రాత్రుల నిషేధము అచట లేదు. గృహ్యసూత్రములును చరకుని పక్షమే. మన తెలుగునాట వైదికులు పెక్కుమంది ఆపస్తంబసూత్రులు. ఆపస్తంబుని జాతకర్మలో బంగారముతో తేనె నేయి నాకించుట, స్నానము, బిడ్డను తల్లియొడి నుంచుట, కుడిరొమ్ము పట్టించుట, అన్నియు ఒకే కర్మలో వరుసగా నడచును. బృహదారణ్యకోపనిషత్తు చివరి భాగమున తండ్రి బిడ్డను తల్లికిచ్చి, సరస్వతిని స్మరించుచు రొమ్ము పట్టించును. అదే ఉపనిషత్తు మొదటి అధ్యాయమున, పుట్టిన బిడ్డకు ముందు నేయి నాకింతురు లేక రొమ్ము పట్టింతురు అని లోకమున జరుగు సంగతిగా చెప్పబడినది. అనగా ఆనాడే రెండు వాడుకలుండెను.

కాబట్టి 'పూర్వులు మూడుదినములు పాలీయవద్దనిరి' అనువారు సగమే చెప్పుచున్నారు. పూర్వులలో ఒక పక్షము వద్దనెను, ఒక పక్షము ఆనాడే పట్టింపుమనెను. వద్దన్న పక్షమే ఊళ్ళలో గెలుచుటకు కారణము కంటికి కనబడు సాక్ష్యమని తోచుచున్నది. నిజముగనే మూడవనాడు గాని నాలుగవనాడు గాని రొమ్ములు నిండి పాలు పొంగును. అది ఏ తల్లియైనను చూడగలదు. సుశ్రుతుడు చూచినది సరియైనదే. దానికి ముందు రెండుమూడు దినములు చుక్కచుక్కగా వచ్చు పచ్చని ద్రవము కూడ పాలే యని ఆయన లెక్కకు రాలేదు. ఇక జాతకర్మ చేయించుకొను కుటుంబములలో సైతము క్రమముగా తేనె మిగిలినది, రొమ్ము జారిపోయినది. మంత్రములు లేని కులములకు ఆ తేనె ఒక్కటియే దిగివచ్చినది.

మహమ్మదీయులలో తహ్నీక్ అను ఆచారము గలదు. పెద్దయొకరు ఖర్జూరపుపండు నమలి, ఆ మెత్తని పిప్పిని బిడ్డ అంగిటికి రాయుదురు. మంచివాని నోటి తీపి బిడ్డకంటిన మంచివాడగునని వారి భావము. మన ఊళ్ళలోను మొదటి తేనె ఎవరిచేత నాకింపవలెనని పెద్ద చర్చయే జరుగును. ఎవరు నాకింతురో వారి బుద్ధులు వచ్చునట. తల్లిపాలు రెండు సంవత్సరముల వరకు ఈయవచ్చునని ఖురాను చెప్పుచున్నది. తహ్నీక్ పాలకు అడ్డము కాదు, ఒక నిమిషపు పని. అది అడ్డమగునది పెద్దయ్య పొరుగూరునుండి వచ్చువరకు బిడ్డను ఎండబెట్టినప్పుడే.

ఇదంతయు మన దేశపు మూఢత్వమని తలవంచుకొనవలసిన పనిలేదు. తెల్లవారి చరిత్ర ఇంతకంటె ఘనమైనది కాదు. రెండవ శతాబ్దపు ప్రాంతమున రోమునగరమున వైద్యము చేసిన సొరానసు అను గ్రీకు పండితుడు స్త్రీవైద్యముపై గొప్ప గ్రంథము వ్రాసెను. బిడ్డకు మొదట తేనె నాకింపుమనియు, తల్లిపాలు ఇరువది దినములవరకు మంచివి కావు గనుక మరియొక స్త్రీ పాలు పట్టింపుమనియు ఆయన ఉపదేశము. వెంటనే తల్లిపాలీయవలెనన్న వైద్యులు ఆయన కాలముననే యుండిరి. వారిని ఆయన ఖండించెను. ఆ మాట ఐరోపాలో పదునైదువందల యేండ్లు చెల్లినది. ఇంగ్లాండు దేశమునను ముర్రును విడిచి, కడుపు శుభ్రపడుటకని బాదమునూనెయు వెన్నయు చక్కెరయు బిడ్డలకు పట్టుచుండిరి. మన ఆముదమునకు అది అన్నయో తమ్ముడో! 1748లో విలియం కాడొగను అను వైద్యుడు పసిబిడ్డల పోషణపై ఒక చిన్న పుస్తకము వ్రాసి, తల్లి తొలిపాలే బిడ్డ కడుపును శుభ్రపరచునని వాదించెను. ఆ కాలముననే లండను ప్రసూతిశాలలలో బిడ్డను మొదటి దినముననే రొమ్మునకు పట్టించు పద్ధతి వచ్చెను. తల్లులకు పాలజ్వరము తగ్గెను, క్రొత్తబిడ్డల చావులును తగ్గెను. వాలెరీ ఫిల్డ్సు అను చరిత్రకారిణి 1986లో ప్రకటించిన గ్రంథమున ఈ మార్పునంతయు పాత పత్రములనుండి వెలికితీసినది. అనగా ఆ దేశపు అవ్వలును మన అవ్వలును ఒకే బడిలో చదివినవారే. వారు ఆ బడి మానినది రెండువందల యేండ్లకు కొంచెము పైమాట.

ఆ పచ్చని ద్రవమున ఏమున్నదని మీరడుగవలెను. పుట్టిననాటి బిడ్డ కడుపు మీ బొటనవ్రేలి గోరంత పనికే చాలును. ఒక్కొక్కమారు ఒక చెంచాడు పాలు పట్టును. ప్రకృతి అంతమాత్రమే పంపును, చిక్కగా పంపును. తల్లి ఇన్నేండ్లు ఏయే రోగములకు ఎదురు నిలిచినదో వానిని అడ్డగించు ద్రవ్యములు అందు మెండుగా నున్నవి. అవి బిడ్డ ప్రేగులకు పూతవలె పట్టి మలినములను లోనికి రానీయవు. పచ్చరంగు చీము కాదు, కంటికి మేలుచేయు సత్తువ. బిడ్డ మొదటి నల్లని మలము దిగుటకు అదియే మందు, ఆముదము అక్కరలేదు. ఇక తేనె సంగతి. తేనెలో ఒకానొక సూక్ష్మజీవి బీజములుండవచ్చును. పెద్దలకు అవి యేమియు చేయవు. ఏడాది నిండని బిడ్డ ప్రేగులలో మాత్రము మొలకెత్తి నరములను చచ్చుపడజేయును. అందుచేత నేటి వైద్యులు ఏడాదివరకు తేనె చూపింపవద్దందురు.

పశువుల నెరిగిన మీకు ఇది తేలికగా తెలియవలెను. దూడకు తల్లి రక్షణ కడుపులో నుండగా రక్తమున దిగదు, ముర్రుతోనే దిగవలెను. ఒక దినము గడచినచో దూడ ప్రేగు ఆ రక్షణను లోనికి తీసికొను శక్తిని కోల్పోవును. మావి పడిన గాని దూడను విడువరాదని పట్టుబట్టి దూడలను పోగొట్టుకొన్న రైతులును మనలో నున్నారు. మనుష్యబిడ్డకు కొంత రక్షణ కడుపులోనే అందును గనుక మూడు దినములు ఉపవాసముంచినను పెక్కుమంది బ్రతికిరి. ఆ బ్రతికినవారిని చూపియే ఆచారము నిలిచినది. పోయినవారు సాక్ష్యమునకు రారు గదా.

మావి మాట వచ్చినది గనుక ఒకటి చెప్పెదను. మా యూర ఒక ముసలి మంత్రసాని యుండెను, అక్షరము రాదు. బిడ్డ పుట్టి చాలసేపైనను మావి పడక, తల్లికి నెత్తురు పోవుచున్నచో ఆమె అందరిని గసరికొట్టి బిడ్డను తల్లిరొమ్మునకు పట్టించెడిదని మా నాయనమ్మ చెప్పెడిది. బిడ్డ చీకినకొలది తల్లికి కడుపులో పట్టినట్లగును, మావి జారును. నేటి వైద్యశాస్త్రము దీనికి కారణము చెప్పుచున్నది: బిడ్డ రొమ్ము పీల్చినప్పుడు తల్లి మెదడునుండి ఆక్సిటోసిను అను ద్రవము దిగి గర్భాశయమును ముడుచుకొనజేయును, నెత్తురు నిలుచును. ఆ మంత్రసాని అదే బిడ్డను అపాయము గడచిన తరువాత మరల మూడొద్దులు ఆపెడిదట! ఆమె చేతికి తెలిసినది ఆమె ఆచారమునకు తెలియలేదు.

ఆలస్యము చేసినందువలన ఎంత నష్టమో ఆఫ్రికాఖండమున ఘనాదేశపు పల్లెలలో లెక్కించిరి. 2006లో ప్రకటింపబడిన ఆ పరిశోధనలో 10,947 మంది శిశువులను చూచిరి. బిడ్డలందరికి మొదటి గంటలోపల తల్లిపాలు పట్టించినచో నెలలోపల జరుగు చావులలో నూటికి 22 తప్పునని తేలెను. ఒక దినము దాటి మొదలుపెట్టిన బిడ్డలకు అపాయము రెట్టింపునకు మించెను. మన కుంటనీళ్ళకును వారి కుంటనీళ్ళకును భేదమేమి?

ఇక గడచిన నూరేండ్ల సంగతి త్వరగా చెప్పెదను. 1885లో డఫరిను ప్రభుపత్ని పేర స్త్రీవైద్యనిధి ఏర్పడెను. 1903లో కర్జను ప్రభుపత్ని పూనికతో మంత్రసానులకు శిక్షణ యిచ్చుటకు మరియొక నిధి పుట్టెను. వారి దృష్టియంతయు కత్తి శుభ్రము, చేతి శుభ్రము, అది అవసరమే. పాల గడియారము వారికి ముఖ్యము కాలేదు. తరువాత దవాఖానలు వచ్చినవి. దవాఖానలు వచ్చిన పిమ్మట తొలిపాలు త్వరపడినవని మీరనుకొందురేమో. చాలకాలము బిడ్డనొక తొట్టెలో, తల్లినొక మంచముమీద నుంచి, గ్లూకోజునీళ్ళు పట్టించిరి. చక్కెరనీళ్ళు పోయి గ్లూకోజునీళ్ళు వచ్చినవి, అంతే. మేకపాలు పోయి డబ్బాపాలు వచ్చినవి. 1981లో ప్రపంచ ఆరోగ్యసభ డబ్బాపాల ప్రచారమునకు కట్టుబాటు చేసెను. 1992లో మన పార్లమెంటు శాసనము చేసి ఆ ప్రకటనలను నిషేధించెను. 2003లో దానిని మరింత బిగించెను. అప్పటినుండి అంగన్‌వాడీ గోడలమీద ముర్రుపాలు అను మాట పెద్ద అక్షరములతో కనబడుచున్నది. వేల యేండ్లు బూడిదలో పోసిన పదార్థమునకు గోడయెక్కు గౌరవము వచ్చెనని సంతోషించితిని.

కాని లెక్కలు చూచినచో సంతోషము నిలువదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున పుట్టిన గంటలోపల తల్లిపాలు త్రాగిన బిడ్డలు నూటికి సుమారు 37. 2019-21 సర్వేలోను సుమారు 37. దేశమంతటి లెక్క 42కు దగ్గర. ఇంతలో మన రాష్ట్రమున దవాఖాన కాన్పులు నూటికి 91 నుండి 97కు పెరిగినవి. ఇంట కనువారు దాదాపు లేరు, మంత్రసాని లేదు, చేట లేదు. అయినను మూడింట ఇద్దరు బిడ్డలకు మొదటి గంట దాటిపోవుచున్నది. ఎందుచేత? అదే సర్వేలో జవాబున్నది. తెలంగాణమున నూటికి 60 కాన్పులు కడుపుకోసి చేసినవి. కరీంనగరు జిల్లాలో 80 దాటినవి. దేశమునందే ఇంత ఎక్కువ చోట్లు అరుదు.

కడుపుకోత అవసరమైనచోట ప్రాణదానము. అందు సందేహము లేదు. నూటికి ఎనుబదిమందికి అవసరమగునని మాత్రము ఏ వైద్యుడును చెప్పడు. నొప్పుల భయము కొంత, దవాఖానల సౌకర్యము కొంత, డబ్బు కొంత, ముహూర్తము కొంత. మంచి నక్షత్రము, మంచి లగ్నము చూపించి ఫలానా గడియకు బిడ్డను తీయుమని అడుగుట మనవైపు ఎల్లరెరిగినదే. జాతకము పుట్టుకను అనుసరించును గాని పుట్టుక జాతకమును అనుసరింపవలెనని ఏ జ్యోతిశ్శాస్త్రమున చదివిరో ఆ పురోహితులనే అడుగవలెను. లగ్నమునకు నిమిషములు లెక్కపెట్టువారు తొలిపాలకు గంటలు లెక్కపెట్టరు. తల్లి బల్లమీద నుండగా బిడ్డ బయటికి వచ్చును. కుట్లు పడవలెను, మత్తు దిగవలెను, తల్లి వార్డుకు చేరవలెను. ఈలోగా వరండాలోని బంధువుల చేతిలో బిడ్డ చేతులు మారును. ఎవరి సంచిలోనో తేనెసీసా యుండనే యుండును. మూడొద్దుల ఆచారము పురిటిగదినుండి లేచి దవాఖాన వరండాలో కూర్చున్నది.

కోత జరిగినను బిడ్డను ఆ గంటలోనే తల్లికి పట్టింపవచ్చును. నడుమునకు మాత్రము మత్తిచ్చిన తల్లి తెలివితోనే యుండును. ఒక మనిషి బిడ్డను ఆనించి పట్టుకొన్న చాలును. కనిన మొదటి గంట బిడ్డ మిక్కిలి మెలకువతో నుండి తానే వెదకికొనును, ఆ పిమ్మట గాఢముగా నిద్రపోవును. ఆ గంట తప్పినచో పట్టించుట కష్టము.

గత సంవత్సరము మా బంధువులలో ఒక పిల్లకు ఒక దవాఖానలో కోతయే చేసిరి. నేను వరండాలో నుంటిని. నర్సు బిడ్డను తువ్వాలలో చుట్టి తెచ్చి, "పెద్దమనిషి ఎవరు?" అని అడిగెను. పిల్ల అత్తగారు ముందుకు వచ్చెను. ఆమె చేతిలో చిన్నసీసా నుండెను. ఆమె వెనుకనున్న వియ్యపురాలు, బొగ్గుబాయి కార్మికుని భార్య, నలుగురిని కనిన మనిషి, "వదినా, తేనె రేపు ఎల్లుండైనా ఉంటది. పోరడు నోరు తెరుస్తుండు సూడు. అమ్మ దగ్గరికే తీస్కపోనియ్యి" అనెను. ఏడాదివరకు తేనె వద్దని నేను చెప్పబోతిని గాని ఆ సమయమున అది చిన్న విషయమై తోచెను. అత్తగారు ఒక క్షణము నిలిచి సీసాను కొంగున ముడివేసికొనెను. నర్సు బిడ్డను తీసికొని లోపలికి మరలెను. అప్పటికి బిడ్డ పుట్టి అరగంట కాలేదు.